దిగేవాడే ఆగాలి

"అన్నా, ఈ ట్రయల్ ఎక్కడ? లొకేషన్ పెట్టవా?"

పోయిన అక్టోబర్‌లో నేను పెట్టిన రీల్ కింద ఒకరు కాదు, చాలామంది అడిగారు. ముప్పై సెకన్ల వీడియో. ఎర్రమట్టి దారి, రెండు పక్కలా పచ్చటి కొండలు, కింద పొగమంచులో పొలాలు, మలుపు దగ్గర వెనక చక్రం జారి ఎగసిన మట్టి. 'ఆల్ప్స్ ఎందుకు, మన కొండలుండగా' అని క్యాప్షన్. ఇప్పుడు ఆ రీల్ లేదు. నేనే డిలీట్ చేశాను. లొకేషన్ కూడా ఎవరికీ పంపలేదు. ఎందుకో ఈ వారం చెప్తాను.

ముందు మన కొండల సంగతి. విజయనగరం జిల్లా శృంగవరపుకోట దాటాక రోడ్డు కొండెక్కడం మొదలవుతుంది. అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఈ ఘాట్ రోడ్డు మా వైపు సైకిల్ తొక్కేవాళ్లకి పెద్ద పరీక్ష. సాలూరు దాటితే ఇంకో ఘాట్, అది ఒడిశాలోని కోరాపుట్ వైపు తీసుకెళ్తుంది. శ్రీకాకుళం జిల్లా మందస వైపు వెళ్తే సరిహద్దుకి అవతల 1,501 మీటర్ల మహేంద్రగిరి ఉంది. అన్నీ తూర్పు కనుమలే. ఎత్తులో ఆల్ప్స్‌తో పోటీ పడలేవు గానీ, వయసులో ఆల్ప్స్ వీటి ముందు చంటిపిల్లలు.

ఈ కొండల్లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. ఇక్కడి ఖోంద్ ఆదివాసుల పేరే దానికి పెట్టారు. కోణార్క్ గుడి కట్టింది కూడా ఈ రకం రాయితోనే. ఎండకీ వానకీ ఇది చివికిపోయి ఎర్రమట్టి అవుతుంది. ఎండిపోతే టైరు కింద రాళ్లు దొర్లుతాయి, తడిస్తే జారుడుబండే. మౌంటెన్ బైక్ నడిపేవాడికి అదే కిక్కు.

నాది సెకండ్ హ్యాండ్ హార్డ్‌టైల్. అంటే ముందు ఫోర్కుకి మాత్రమే సస్పెన్షన్ ఉండే బైక్. ఆ రోజు ముగ్గురం ఎస్.కోట నుంచి బయల్దేరి, కొండ మీది ఒక ఊరికి వెళ్లే కాలిబాట పట్టుకున్నాం. పైకి సైకిళ్లు తోసుకుంటూ గంటన్నర. కిందికి పావుగంట. కాకపోతే మలుపు దగ్గర షాట్ బాగా రావాలని పది పన్నెండు టేకులు తీసుకున్నాం. ప్రతిసారీ స్పీడుగా రావడం, వెనక బ్రేకు గట్టిగా నొక్కడం, చక్రం లాక్ అయి జారడం, మట్టి లేవడం.

మధ్యలో ఒక ముసలమ్మ ఎదురైంది. డిపో బియ్యం మూట తల మీద పెట్టుకుని పైకి ఎక్కుతోంది. "సైడమ్మా, సైడ్!" అని అరిచాను. ఆమె పక్కనున్న తుప్పల్లోకి దిగి నిలబడింది. "థాంక్సమ్మా" అంటూ దూసుకుపోయాను. ఎడిటింగ్‌లో ఆ ముక్క కట్ చేశాను.

నవంబర్‌లో వాయుగుండం వానలు పడ్డాయి. డిసెంబర్‌లో ఒక ఆదివారం ఒక్కడినే మళ్లీ వెళ్లాను. మా మలుపు దగ్గరకొచ్చి ఆగిపోయాను. చక్రాలు జారిన చోట జానెడు లోతు గాడి పడింది. పైనుంచి నీళ్లు అందులోంచే పారి, దారిని అడ్డంగా కోసేశాయి. చూస్తుండగానే వెనక నుంచి ఆ ముసలమ్మ గొంతు.

"నువ్వేనా బాబూ, సైకిలబ్బాయివి? సూడు, నీ సైకిల్ ఎల్లిన దారంటే నీళ్లు ఎల్లిపోతన్నాయి."

ఏం మాట్లాడాలో తెలీలేదు. ఆమే చెప్పింది.

"మొన్న మా కోడల్ని డోలీలో దింపినారు. ఎనకోడి కాలు ఇక్కడే దిగబడిపోనాది."

"అయ్యో, ఏమైందమ్మా?"

"ఏటవుతాది? ముందోడు గట్టిగా పట్టినాడు. ఆడపిల్ల పుట్టింది. బాగానే ఉన్నారు."

అని, గాడి పక్కనుంచి జాగ్రత్తగా అడుగేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

డోలీ అంటే మీకు తెలుసు. ఎస్.కోట, సాలూరు వైపు కొండ ఊళ్ల నుంచి ఆ వీడియోలు మన ఫోన్లకి వస్తూనే ఉంటాయి. పొడవాటి కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాల మీద మోసుకొస్తారు. అంబులెన్స్ కింద రోడ్డు మీద ఆగుతుంది. దాకా తీసుకురావాల్సింది కాళ్లే. వెనక మోసేవాడికి తన ముందున్న నేల కనబడదు, డోలీ అడ్డం. దారి ఎలా ఉంటుందో కాలికి అలవాటు కాబట్టి నడుస్తాడు. ఆ అలవాటైన చోట నేను గొయ్యి పెట్టాను, ముప్పై సెకన్ల వీడియో కోసం. నేను ట్రయల్ అంటున్నది వాళ్ల రోడ్డు. వాళ్లకి ఇంకో రోడ్డు లేదు.

ఇది మన ఒక్కళ్ల కథ కాదు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో కొండ దిగే పందెం మొదలుపెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు. కిందికి చేరేసరికి హబ్బు వేడెక్కి గ్రీజు పొగలైపోయేది, మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఆ సరదా 1996 అట్లాంటా ఒలింపిక్స్ దాకా వెళ్లింది. కానీ ఈలోగా నడిచేవాళ్లు, గుర్రాల మీద వెళ్లేవాళ్లు సైకిళ్లని కొండదారుల్లోకి రానివ్వొద్దని గొడవపడ్డారు. ఆ గొడవల్లోంచే 1988లో ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసిక్లింగ్ అసోసియేషన్ పుట్టింది. వాళ్ల రూల్స్‌లో ముఖ్యమైనవి: నడిచేవాళ్లకి దారివ్వాలి. ఎక్కేవాళ్ల కోసం దిగేవాడు ఆగాలి. దారి మీద గుర్తులు మిగల్చకూడదు.

ఆల్ప్స్ బైక్ పార్కుల్లో సైకిళ్ల కోసమే దారులు కడతారు. నీళ్లు ఎటు పోవాలో ముందే లెక్కేసి, దారి వాలు కొండ వాలులో సగం దాటకుండా చూస్తారు. అప్పుడు నీళ్లు దారిని అడ్డంగా దాటిపోతాయి. వాలుకి తిన్నగా పడిన గాడిలో అయితే నీళ్లు దారి వెంటే పరుగెడతాయి, ప్రతి వానకీ ఇంకాస్త తవ్వుతాయి. నేను చేసింది అదే.

తర్వాతి ఆదివారం ముగ్గురం సైకిళ్లు ఇంట్లో వదిలేసి, పార, గునపం పట్టుకుని వెళ్లాం. గాడి పూడ్చేద్దామనుకున్నాం. ఊళ్లో ఒకాయన చూసి నవ్వాడు. "మట్టి ఏస్తే మళ్లీ ఎల్లిపోద్ది బాబూ" అని, పెద్ద రాళ్లని దారికి ఏటవాలుగా పాతించాడు, నీళ్లు పక్కకి తిరిగి తుప్పల్లోకి పోయేలా. నేను యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని వెళ్లింది ఆయనకి ముందే తెలుసు. సాయంత్రం అయిపోయింది. జారడానికి పట్టింది రెండు సెకన్లు.

అయితే కొండల్లో సైకిల్ తొక్కొద్దా? తొక్కండి. ఘాట్ రోడ్డు ఉంది, తెల్లవారుజామున మొదలుపెట్టండి. తాటిపూడి రిజర్వాయర్ చుట్టుపక్కల ఊళ్ల మట్టిరోడ్లు ఉన్నాయి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ శాఖ అనుమతి తీసుకోండి. కాలిబాట అయితే ముందు ఊళ్లో అడగండి, సంత రోజు అసలు వెళ్లకండి. వాన పడ్డాక దారి ఆరేదాకా ఆగండి. మలుపులోకి వచ్చాక కాదు, రాకముందే రెండు బ్రేకులూ కొంచెం కొంచెంగా నొక్కి స్పీడు తగ్గించండి. జారుతున్న చక్రం కంటే తిరుగుతున్న చక్రానికే పట్టు ఎక్కువ. స్కిడ్ అంటే స్టైల్ కాదు, బ్రేకు వేయడం రాలేదని అర్థం.

లొకేషన్ మాత్రం అడగొద్దు.

జనవరిలో మళ్లీ అదే దారిన, ఈసారి నెమ్మదిగా దిగుతున్నాను. కింద నుంచి ముసలమ్మ వస్తోంది, తల మీద మూట. నేను ముందే ఆగి, సైకిల్ ఎత్తుకుని తుప్పల్లోకి దిగాను. ముల్లు గీసుకుంది. ఆమె నా దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది.

"మనవరాలు ఎలా ఉందమ్మా?" అన్నాను.

"రాత్రంతా ఏడుపే" అని నవ్వి, పైకి వెళ్లిపోయింది.