గేటుకు కట్టాల్సిన కాగితం

షామియానా బేరం కుదిరి, బయానా చేతిలో పెట్టి, చెప్పులు వేసుకుంటూ అడుగుతారు. "బాబాయ్, వెనకాల గోడవైపు చిన్న కనాతు ఒకటి కట్టించేయండి. పదడుగులుంటే చాలు. లైటు అక్కర్లేదు." జుగ్సలాయిలో 1986 నుంచి టెంట్ హౌస్ నడుపుతున్నాను. ఈ మాట తెలుగులో విన్నాను, హిందీలో విన్నాను, భోజ్‌పురిలో, ఒడియాలో, బెంగాలీలో విన్నాను. భాష మారినా చివరి ముక్క మారదు: లైటు అక్కర్లేదు.

ఆ చీకటి కనాతు మందుకి. దానికి లైసెన్సు ఉండదు, పూచీ పడే మనిషి ఉండడు, ఇన్నింటికి మూసేయాలన్న లెక్క ఉండదు. ముందు గేటు దగ్గర అరటి బోదెలు, మామిడి తోరణం, పన్నీరు జల్లే పిల్లలు ఉంటారు. వెనక్కి ఎవరూ చూడరు.

తాగాలా వద్దా అన్న తగువు నేనిక్కడ పెట్టను. మా నాన్న నరసన్నపేట దగ్గరి పల్లె నుంచి కార్ఖానా పనికి వచ్చినవాడు. ఆయన తాగేవాడు, నేను ముట్టను, ఇద్దరం ఒకే ఇంట్లో బతికాం. నేనడిగేది ఒక్కటే. ఒక్కరోజు కోసం జనం పోగయ్యే చోట మందు పోసేటట్టయితే, అందుకు మామూలు మనిషికి అందే అనుమతి ఒకటి ఉండాలి. ఆ కాగితం గేటుకు కట్టి ఉండాలి. వీధిలో పోయేవాళ్ళు ఆగి చదువుకోగలగాలి.

మా ఊరి సంగతి తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. జంషెడ్‌పూర్ అంటే ఒకటే ఊరనుకుంటారు. టాటానగర్ స్టేషన్‌కి ఆనుకుని ఉన్న మా జుగ్సలాయికి సొంత నగర పరిషత్తు ఉంది. 2011 జనాభా లెక్కల్లో 50 వేలకు కాస్త తక్కువ మందిమి. బిష్టుపూర్‌లోకి అడుగుపెడితే అది నోటిఫైడ్ ఏరియా కమిటీ. బాగ్‌బేడా, పర్సుడీ వైపు వెళితే పంచాయతీలు. ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో దిగితే ఏకంగా వేరే జిల్లా, సరాయికేలా-ఖర్సావా. నా లారీ ఒక్క సాయంత్రం ఈ నాలుగు చోట్లా సామాను దింపిన రోజులున్నాయి. గుంజలు అవే, తాళ్ళు అవే, కుర్చీలు అవే. అడగాల్సిన ఆఫీసులే వేరు.

ఒక్క కార్యానికి ఎన్ని కాగితాలో చూడండి. నేలకి పరిషత్తు. మైకుకి థానా, సబ్‌డివిజన్ ఆఫీసు. నిప్పు భయానికి ఫైర్ స్టేషన్. తాత్కాలిక కరెంటు కనెక్షనుకి విద్యుత్ నిగమ్. మందుకి ఆబ్కారీ శాఖ. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితా 8వ అంశం కింద మద్యం పూర్తిగా రాష్ట్రం చేతిలో ఉంది. అంటే నేల ఊరిది, చప్పుడు థానాది, మందు రాష్ట్రానిది. మైదానంలో మందు ఎక్కడ పోస్తారో మైదానం ఇచ్చిన ఆఫీసు అడగదు. లైసెన్సు ఇచ్చే ఆఫీసుకి ఆ గోడ అవతల పసిపిల్లల బడి ఉందో, గుడి ఉందో కంటితో చూసే వీలుండదు. కాగితాలు ఎవరి ఫైల్లో వాళ్ళవి పడుకుంటాయి.

ఈలోగా మా ఝార్ఖండ్ రాష్ట్రం మద్యం విధానాన్ని మారుస్తూనే ఉంది. 2017 ఆగస్టు నుంచి కార్పొరేషన్ పేరుతో ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. 2019లో ప్రైవేటుకిచ్చింది. 2022లో మళ్ళీ తన చేతికి తీసుకుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి తిరిగి ప్రైవేటు. మారిన ప్రతిసారీ మాటంతా దుకాణాల మీదే, రాబడి మీదే నడిచింది. మా గల్లీల్లో పెళ్ళి ముహూర్తాల రాత్రుళ్ళు పారే మందు ఆ దుకాణాల నుంచే వస్తుంది కానీ, అది ఎక్కడ పారుతోందో ఎవరి లెక్కలోకీ రాదు.

నాకెందుకింత పట్టింపు అని మా కుర్రాళ్ళే అడుగుతారు. పందిరి అంటే ఏమిటో ఈ ఊరు 1989 మార్చి 3న చూసింది. జంషెడ్‌జీ టాటా 150వ జయంతి. కార్ఖానా ఆవరణలో ఉత్సవం చూడడానికి వచ్చినవాళ్ళు కూర్చున్న పందిరికి నిప్పంటుకుంది. 60 మంది పోయారు, వాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళూ పిల్లలూ. వందమందికి పైగా గాయపడ్డారు. నష్టపరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2001లో తేలింది. ఇంటిపని చేసే ఆడమనిషి శ్రమకి నెలకు 3,000 రూపాయల లెక్క కట్టింది ఆ తీర్పులోనే. నేను ఈ వ్యాపారంలో దిగి అప్పటికి మూడేళ్ళు. ఆ వారమంతా గోడౌన్ తలుపు తీయబుద్ధి కాలేదు. మళ్ళీ 1995 డిసెంబరు 23న హర్యానా డబ్‌వాలీలో బడి పండగకి వేసిన షామియానా అంటుకుని 400 మందికి పైగా కాలిపోయారు. పందిళ్ళకి భారత ప్రమాణం ఒకటుంది, ఐ.ఎస్. 8758. ఎత్తు కనీసం 3 మీటర్లుండాలి, సింథటిక్ గుడ్డ కట్టకూడదు, కరెంటు తీగల కింద వేయకూడదు అని రాసి ఉంటుంది. ముందు పందిరికి ఇవన్నీ పాటిస్తాను. వెనక కనాతు ఏ కాగితంలోనూ లేదు గనక దానికి ఏదీ వర్తించదు.

కొన్నేళ్ళ కిందట మాఘమాసంలో ఒక రిసెప్షన్. మూడు వందల కుర్చీలు. వెనక గోడవైపు కనాతు అడిగారు, కట్టాను. అవును, నేనే కట్టాను. దాని పక్కనే వంటవాళ్ళు వేడిపెట్టెలు పెట్టుకున్నారు, కింద స్పిరిటు దీపాలు వెలుగుతున్నాయి. రాత్రి పదకొండు దాటింది. లోపలినుంచి ఒకాయన తూలుకుంటూ బయటికొచ్చాడు. చీకట్లో తాడు కనపడలేదు. కాలు తగిలి మేకు ఊడింది, గుంజ వాలింది, గుడ్డ వెళ్ళి దీపాల మీద పడింది. మా మేస్త్రీ ఇసుక బాల్చీతో పరిగెత్తాడు కాబట్టి నిమిషంలో ఆరింది. కానీ ఆ నిమిషంలోనే గ్లాసుల ట్రే పట్టుకుని లోపలికి పోతున్న కుర్రాడి చెయ్యి కాలింది. బేరర్లతో వచ్చిన పిల్లాడు. మీసం ఇంకా రాలేదు. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు పొక్కిపోయింది.

వాడిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళలేదు. తీసుకెళితే ఎక్కడ, ఎలా అని అడుగుతారు. అడిగితే కనాతు సంగతి బయటపడుతుంది, పెళ్ళివారి పరువు పోతుంది, కేసవుతుంది. పెద్దమనుషులు చుట్టూ చేరి కొబ్బరినూనె రాశారు, చేతిలో డబ్బు పెట్టారు, మాట్లాడొద్దన్నారు. వాడు ఏడవలేదు. చెయ్యి గాలిలో పట్టుకుని, ఎవరైనా ఏదైనా చెబుతారేమోనని ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడ్డాడు. తెల్లారాక నేనే వెళ్ళి డాక్టరుకి చూపించాను. రాత్రే వెళ్ళాల్సింది. ఆరోజు నుంచి కాగితం లేనిదే ఆ కనాతు కట్టను. దాంతో బేరాలు పోయాయి, పోతున్నాయి.

అందుకే బాహాటంగా ఉండే అనుమతి కావాలంటున్నాను. కొత్త సంగతేమీ కాదు. ఢిల్లీలో పార్టీకి మందు పోయాలంటే పి-10 అనే లైసెన్సు తీసుకుంటారు. తెలంగాణలో ఆబ్కారీ శాఖ ఈవెంట్ పర్మిట్ ఇస్తుంది. డిసెంబరు 31 రాత్రి హైదరాబాదులో వేడుక పెట్టేవాళ్ళు దానికోసమే దరఖాస్తు చేస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టం ప్రకారం జనం గుమికూడే చోట సీసీ కెమెరాలు కూడా పెట్టాలి. అవన్నీ రిసార్టులకీ, కన్వెన్షన్ హాళ్ళకీ సరిపోతాయి. మా గల్లీలో కూతురి పెళ్ళి చేసే రైల్వే గ్యాంగ్‌మన్‌కి ఆ ఫీజులూ ఆ తిరుగుడూ అంటే చీకటి కనాతే చవక. ఫీజు అతను కట్టుకోగలిగేంత ఉండాలి. దరఖాస్తు పరిషత్తు ఆఫీసులోనే ఇవ్వాలి. ముహూర్తాల నెలల్లో వారానికి ఒకరోజు ఆబ్కారీ మనిషి, థానా మనిషి అక్కడే కూర్చోవాలి. మూడు రోజుల్లో ఔనో కాదో చెప్పాలి, కాదంటే ఎందుకో రాసివ్వాలి.

ఆ చివరి మాట మీద గట్టిగా నిలబడతాను. అనుమతి అనేది జనాన్ని కూడనివ్వకుండా ఆపే సాధనం అయిపోతే దానికన్నా లేకపోవడమే నయం. 2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్ షోలో ఎనిమిది మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు తొక్కిసలాటల్లో చనిపోయారు. మర్నాడే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల మీద సభలకి అడ్డుకట్ట వేస్తూ జీవో నంబరు 1 తెచ్చింది. ఆ మే నెలలో హైకోర్టు దాన్ని కొట్టేసింది. జనం ప్రాణం కాపాడాలన్న కారణం నిజమే. అయినా అందరినీ ఆపేయడం దారి కాదని కోర్టు గుర్తు చేయాల్సి వచ్చింది.

మా ఇంటావిడ దగ్గర నా వాదన అంత సులువుగా చెల్లలేదు. ఆమె పలాస మనిషి. "ఏమండీ, కాగితమిస్తే ఉన్న సిగ్గు కూడా పోతుంది. ఇవాళ గోడచాటున తాగుతున్నారు, రేపు పెళ్ళికూతురి ఎదురుగానే తాగుతారు" అంది. దూబగుంట సంగతి ఎత్తింది. 1992లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్ళో ఆడవాళ్ళు సారా మీద తిరగబడితే 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది. 1995 జనవరిలో మద్యం మొత్తం ఆగింది, 1997లో మళ్ళీ తెరుచుకుంది. ఇంటావిడ చెప్పేదేమంటే, ఆ ఆడవాళ్ళని అడిగి ఎవరూ దుకాణం పెట్టలేదు, మీ కాగితానికి కూడా ఎవరూ మమ్మల్ని అడగరు అని.

చాలా రోజులు ఆలోచించి ఆమె మాటకి తలొగ్గాను. అనుమతి ఇచ్చేముందు ఆ స్థలానికి ఆనుకుని ఉన్న ఇళ్ళని అడగాలి. ఆ ఇంట్లో ఆడమనిషి కూడా చూసి సంతకం పెట్టాలి. వీధిని మూసి వేసే పందిట్లో మందుకి అనుమతే ఉండకూడదు. ఆ దారిన పురిటి మనిషి పోవాలి, ట్యూషన్ నుంచి ఆడపిల్ల రావాలి. ప్రహరీ ఉన్న మైదానం, హాలు, వీటికే ఇవ్వాలి. మైకు రాత్రి పదింటికి ఆగాలని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు ఇప్పటికే చెబుతున్నాయి. రాష్ట్రం కావాలంటే ఏడాదిలో 15 రోజులకు మించకుండా పన్నెండు దాకా పొడిగించవచ్చు. మందు కూడా మైకుతోపాటే ఆగాలి.

ఇంకొక్క సంగతి, ఇది ఝార్ఖండ్‌లో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. జాతరల్లో మైదానం చివర అల్యూమినియం డేగిసా ముందు పెట్టుకుని కూర్చునే ఆదివాసీ ఆడవాళ్ళుంటారు. అన్నం పులియబెట్టిన హండియా అమ్ముతారు. హండియా వాళ్ళ పూజల్లో, పెద్దలకు పెట్టేవాటిలో ఉంటుంది. అమ్ముకోవడం మాత్రం కడుపు కోసం. వాళ్ళకి వేరే బతుకుతెరువు చూపిద్దామని 2020లో రాష్ట్రం ఫూలో ఝానో ఆశీర్వాద్ అభియాన్ పెట్టి వడ్డీ లేని అప్పులిచ్చింది. మంచి పని. కానీ జాతర రోజున ఎవరైనా కర్ర పట్టుకుని వస్తే మొదట దొర్లేది ఆ డేగిసానే. అదే మైదానం పక్కన కారు డిక్కీ తెరిచి సీసాలు పంచేవాళ్ళ జోలికి ఎవరూ పోరు. చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. నియమం రాసేటప్పుడు ముందు ఆ డిక్కీని గుర్తు పెట్టుకోవాలి. పండగకి పదిరోజుల ముందే ఆ ఆడవాళ్ళకి చెప్పాలి, టీ, పకోడీ అమ్ముకోవడానికి ఫీజు లేకుండా చోటివ్వాలి.

ఈ ముహూర్తాలకి నా సొంత ఖర్చుతో రేకు బోర్డులు చేయించాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు, పసుపు రంగు. పైన తెలుగు, కింద హిందీ. కార్యం ఎవరిది, ఎంతమంది వస్తారు, మైకు ఎన్నింటివరకు, ఇసుక బాల్చీల దగ్గర ఉండే మనిషి పేరేమిటి, మందు ఎక్కడ, ఎన్నింటివరకు అని గళ్ళు గీయించాను. సుద్దతో రాసి తుడుచుకోవచ్చు. చట్టం అడగలేదు గనక ఎవరినీ బలవంతపెట్టను, బయానా తీసుకునేటప్పుడు చూపిస్తాను. ఇప్పటిదాకా ఐదు కుటుంబాలు గేటుకి కట్టించుకున్నాయి. మందు గడిలో మూడు కుటుంబాలు లేదని రాశాయి. ఒకాయన రామ మందిరంలో పెళ్ళి గనక ఆ గడి తుడిపించేశాడు. ఐదో ఆయన చాలాసేపు సుద్దముక్క పట్టుకుని నిలబడి, తొమ్మిదిన్నర వరకు అని రాసి, కనాతులో రెండు లైట్లు పెట్టమన్నాడు.