అంగీకార పత్రం

బిడ్డను బడిలో వేయడం మన సమాజంలో ఒక విధమైన అప్పగింత. అక్షరాభ్యాసం జరిగిన నాటినుండి ఆ బిడ్డ మంచిచెడ్డలలో సగపాలు గురువుదేనని తల్లిదండ్రులు విశ్వసిస్తారు. ఆ భారాన్ని గురువు కాదనడు. ఎవరూ వ్రాసుకోని ఈ ఒడంబడిక తరతరాలుగా సాగివచ్చింది. కరోనా మహమ్మారి విజృంభించిన కాలంలో మాత్రం ఇది కాగితంమీదికి ఎక్కవలసివచ్చింది. ఆ కాగితం పేరు అంగీకార పత్రం. తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ నడుమ ఆనాడు పుట్టిన కలతలను అర్థం చేసుకోవాలంటే ఈ పత్రం కథ తెలియాలి.

2020 మార్చి 16 నుండి తెలంగాణలో విద్యాసంస్థలు మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే వారంలో బడులు మూసివేశారు. దేశం మొత్తంమీద 15 లక్షల పాఠశాలలు మూతపడగా 24 కోట్ల 70 లక్షల మంది పిల్లల చదువుకు విఘాతం కలిగిందని యూనిసెఫ్ లెక్కగట్టింది. ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది ఆనాడు చిన్న తరగతులలో ఉండి ఉంటారు. సెలవులు వచ్చాయన్న సంబరం మీకూ కొద్దిరోజులు కలిగే ఉంటుంది.

బడి మూసినా చదువు ఆగరాదన్న సంకల్పంతో తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ఛానళ్ళ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ఆ పని చేసింది. ప్రైవేటు పాఠశాలలు అంతకుముందే ఆన్‌లైన్ తరగతులకు దిగాయి. ఇక్కడినుండే చిక్కు మొదలైంది. గ్రామాలలో బడికి వెళ్ళే పిల్లలున్న ఇళ్ళలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం కాగా, 2020 నాటికి 61.8 శాతానికి పెరిగాయని 'అసర్' నివేదిక తెలిపింది. అప్పుచేసి ఫోన్లు కొన్న కుటుంబాలు అందులో ఎన్నో. అయితే ఇంట్లో ఫోను ఉండడం వేరు, అది పిల్లవాడి చేతికందడం వేరు. తండ్రి పనికి పోతూ జేబులో వేసుకొనిపోతే అది తిరిగివచ్చేది చీకటిపడిన తరువాతనే. ఇద్దరు బిడ్డలున్న ఇంట ఒకే గంటకు రెండు పాఠాలుంటే ఒకరు ఊరుకోవలసిందే. ఫోను మాది, డేటా ఖర్చు మాది, ప్రక్కన కూర్చోబెట్టి వ్రాయించే శ్రమ మాది. ఇక ఫీజు దేనికి అని తల్లిదండ్రులు ప్రశ్నించారు. ఫీజులు పెంచరాదనీ, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలవారీగా తీసుకోవాలనీ తెలంగాణ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో 46వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. అది కాగితంపైనే ఉండిపోయిందన్న ఫిర్యాదులు మాత్రం ఆగలేదు.

వారి ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ ప్రశ్నను యాజమాన్యం ముందు పెట్టవలసినవారు ఉపాధ్యాయుని ముందు పెట్టారు. ఫోన్‌లో కనిపించే ముఖం ఆయనదే గనుక కోపమంతా ఆయనమీదికే మళ్ళింది. ఆ ముఖం వెనుక ఉన్న బ్రతుకు ఎందరికి తెలుసు? ప్రైవేటు ఉపాధ్యాయులలో సగం జీతంతో సరిపెట్టుకున్నవారున్నారు, ఉద్యోగం పోయి కూరగాయలు అమ్ముకొన్నవారున్నారు. 2021 ఏప్రిల్ నుండి వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చి ఆదుకోవలసిన స్థితి తెలంగాణ ప్రభుత్వానికి ఏర్పడిందంటే దుస్థితిని ఊహించవచ్చు. ప్రభుత్వ ఉపాధ్యాయుని బాధ మరొక తీరు. ఇంట్లో కూర్చొని జీతం తీసుకుంటున్నాడన్న ఎత్తిపొడుపును ఆయన రెండేళ్ళు మోశాడు. ఇది తొందరపాటు మాట. ఆ ఉపాధ్యాయులే ఇంటింటికీ తిరిగి పిల్లలు పాఠాలు చూస్తున్నారో లేదో వాకబు చేశారు, ఎన్నికల విధులకూ వెళ్ళారు.

బడులు తెరిచే దశ వచ్చేసరికి కలహం మరొక రూపు దాల్చింది. 2020 సెప్టెంబరు 21 నుండి 9 మొదలు 12 తరగతుల విద్యార్థులు తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారంతో ఉపాధ్యాయుల సలహాల కోసం బడికి రావచ్చునని కేంద్రం అనుమతించింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే సంవత్సరం నవంబరు 2న, తెలంగాణలో 2021 ఫిబ్రవరి 1న పెద్ద తరగతులు తెరుచుకున్నాయి. అంగీకార పత్రం అప్పుడు ప్రతి ఇంటికీ చేరింది. చూడడానికి ఇది తల్లిదండ్రుల అభీష్టానికిచ్చిన గౌరవంగా కనిపిస్తుంది. నిదానించి చూస్తే బరువును చేతులు మార్చడమే ఇందులో జరిగింది. వైరస్ తీవ్రత ఎంతో, తరగతి గదిలో గాలి వెలుతురు ఎంతో, నిత్యం శుభ్రపరిచేదెవరో తెలియని కూలి తల్లి దేనికి అంగీకరించినట్లు? సంతకం పెడితే బిడ్డ ఆరోగ్యం గురించిన భయం. పెట్టకపోతే చదువు పోతుందన్న భయం. ఆ పత్రాలను గేటువద్ద నిలబడి వసూలుచేసినవాడు మళ్ళీ ఉపాధ్యాయుడే. సగపాలు తనదని ఒప్పుకున్న గురువు ఇప్పుడు తన పాలు కూడా తమకే తిప్పి ఇస్తున్నాడని తల్లిదండ్రులకు తోచడంలో వింత లేదు. నాకేమీ సంబంధం లేదని వ్రాయించుకొమ్మని ఆయనకు పైనుండి వచ్చిన ఆదేశం వారికి కనబడదు కదా.

రెండవ విజృంభణ వల్ల 2021 మార్చి 24 నుండి తెలంగాణలో బడులు మళ్ళీ మూతపడ్డాయి. ఆ వేసవి చూసినవారెవరూ తల్లిదండ్రుల భయం వట్టిదని అనలేరు. సెప్టెంబరు 1న తిరిగి తెరవడానికి ఒక్కరోజు ముందు, పిల్లలను ప్రత్యక్ష తరగతులకు బలవంతపెట్టరాదనీ, వ్యాధి సోకితే తమది బాధ్యత కాదంటూ పాఠశాలలు తీసుకునే హామీ పత్రాలు చెల్లవనీ తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది. న్యాయస్థానం చెప్పేవరకు ఈ మాట మరెవరికీ తట్టకపోవడం శోచనీయం.

ఆ భయం అందరికీ ఒకే పాళ్ళలో లేదన్నది కూడా గమనింపదగినది. 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని నిరుపేద కుటుంబాలకు చెందిన సుమారు 1,400 మంది పిల్లల గురించి జరిపిన సర్వేలో, గ్రామాలలో ఆన్‌లైన్ చదువు క్రమం తప్పక సాగించినవారు 8 శాతమేనని తేలింది. అక్కడి తల్లిదండ్రులలో 97 శాతం మంది బడి తెరవమనే కోరారు. రెండు గదులూ మంచి ఫోనూ ఉన్న ఇంటివారు వద్దన్నదానిని, అవి లేనివారు చేతులు జోడించి కావాలన్నారు. పత్రికలలోనూ టీవీలలోనూ మొదటివారి గొంతే ఎక్కువగా వినిపించింది.

నా అభిప్రాయంలో అన్నింటికన్న పెద్ద పొరపాటు తెరిచిన వరుసలో ఉంది. ఎంతసేపూ పదవ తరగతి పరీక్షలే కళ్ళముందుండడం వల్ల పెద్ద పిల్లలకు ముందుగా తలుపులు తెరిచారు. గురువు చేయిపట్టి దిద్దించనిదే అక్షరం రాని పసివారు చిట్టచివర నిలబడ్డారు. తెలంగాణలో 2020లో ఒకటవ తరగతిలో చేరిన బిడ్డ ఆ ఏడాది పొడుగునా తరగతి గదిలో కూర్చోనేలేదు. ఆ ఈడు పిల్లలు 2022 నాటికి మూడవ తరగతికి చేరారు. దేశంలోని గ్రామాలలో రెండవ తరగతి పాఠాన్ని చదువగలిగిన మూడవ తరగతి పిల్లలు 2018లో 27.3 శాతం ఉండగా, 2022లో 20.5 శాతమే మిగిలారని అసర్ చెప్పింది. ఈ పిల్లల కోసం ఏ సంఘమూ ధర్నా చేయలేదు.

ఇంటింటి సంతకానికి బదులు మరొక మార్గం లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలలకు యాజమాన్య కమిటీలుండాలి. వాటి సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావాలి. ఉత్తర్వు రాజధాని నుండి వచ్చింది, సంతకం ఇంటినుండి వచ్చింది. నడుమనున్న ఈ వేదికను తలచినవారు తక్కువ. ఊరిలో వ్యాధి ఉన్నదా, గదికి ఎందరిని కూర్చోబెట్టవచ్చు, చెట్టునీడన చిన్న తరగతులు నడపవచ్చునా, మధుమేహమున్న పంతులుగారికి ఏ పని అప్పగించాలి, ముసలివారున్న ఇంటి పిల్లలను ఎట్లా పిలవాలి అన్న ప్రశ్నలకు సమాధానం అక్కడ ఒకే చాపమీద కూర్చున్న తల్లిదండ్రులూ ఉపాధ్యాయులూ చెప్పుకోవలసింది.