ఏటిగట్టు మీద అడ్డకర్ర

మా అమ్మాయి సైకిలుకు నేను తాళం వేసి అప్పటికి పదకొండు నెలలైంది. తాళంచెవి నా బీరువాలో చీరల మడతల మధ్య ఉంది.

కారణం చెబితే మీలో తల్లులెవరూ నన్ను తప్పుపట్టరు. తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల. ఇంటికీ బడికీ మధ్య రెండు కిలోమీటర్లు. ఒకనాటి సాయంకాలం ఇసుక లారీ ఒకటి వెనకనుంచి వచ్చి పిల్లను రాసుకుంటూ పోయింది. దేవుడి దయవల్ల మోచెయ్యి గీరుకుపోవడంతో సరిపోయింది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు. తెల్లవారి లేచి మొట్టమొదట చేసిన పని సైకిలుకు తాళం వెయ్యడం.

"లారీవాడు తప్పు చేస్తే నాకెందుకమ్మా శిక్ష?" అంది పిల్ల.

ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఏ ప్రశ్న అడిగినా ఏదో ఒక సమాధానం చెప్పి పంపించగలను. దీనికి మాత్రం "నోరు మూసుకుని ఆటో ఎక్కు" అనడం తప్ప మరేమీ తోచలేదు.

కిందటి వేసవి సెలవుల్లో మా తమ్ముడు రమ్మంటే ఇటలీ వెళ్ళాం. వాడికి బొలోన్యాలో ఉద్యోగం. మావారు చూడవలసినవన్నీ ముందే పట్టిక వేసుకున్నారు. రోము చూశాం, వెనిసు చూశాం. వాటిని గురించి రాసినవాళ్ళు లెక్కలేనంతమంది ఉన్నారు గనక నేను రాయను. నేను చెప్పబోయేది ఆ పట్టికలో లేని ఒక ఆదివారం సంగతి.

"అక్కా, రేపు ఫెర్రారా వెళ్దాం. అక్కడ సైకిళ్ళు అద్దెకు తీసుకుని పో నది గట్టు మీద తిరిగొద్దాం" అన్నాడు తమ్ముడు.

"పో అంటే పోతుందా మావయ్యా ఆ నది?" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. దాన్ని పరాయి దేశంలో సైకిలెక్కిస్తానంటాడేమిటి వీడు అనుకున్నాను. మావారు మాత్రం, "నాకు మోకాలినొప్పి, నేను కోట చూస్తూ కూచుంటాను, మీరు వెళ్ళిరండి" అని తప్పించుకున్నారు.

బొలోన్యానుంచి రైల్లో అరగంట ప్రయాణం. ఫెర్రారా పాత ఊరు. నడిబొడ్డున నీటికందకంతో ఎర్రటి ఇటుక కోట, ఊరి చుట్టూ తొమ్మిది కిలోమీటర్ల ప్రాకారం. అరియోస్తో అనే మహాకవి తన కావ్యాన్ని మొదటిసారి 1516లో అచ్చువేయించింది ఈ ఊళ్ళోనే. మన రాయలవారు కళింగ దండయాత్రలో సింహాచలం వచ్చి శాసనం వేయించినదీ ఆ ఏడే. అన్నట్టు, వాళ్ళ భాషా మన భాషలాగే అజంతం. రోడ్డును "స్త్రాదా" అంటారు, సైకిలును "బిచిక్లెత్తా" అంటారు. ఈ స్త్రాదా అనే మాట గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

ఆ ఊళ్ళో నన్ను ఆపి నిలబెట్టింది కోట కాదు, ముసలమ్మలు. డెబ్భై ఏళ్ళు దాటినవాళ్ళు సైకిలు ముందు బుట్టలో కూరలూ రొట్టెలూ వేసుకుని, గులకరాళ్ళు పరిచిన వీధుల్లో నిటారుగా కూచుని తాపీగా తొక్కుకుపోతున్నారు. ఒకావిడ ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, రెండో చేత్తో ఎదురొచ్చిన స్నేహితురాలిని పలకరించింది కూడా! నేను సైకిలు మానేసి పాతికేళ్ళయింది. పెళ్ళయ్యాక మళ్ళీ ఎక్కలేదు.

ఊరికి ఉత్తరంగా కొన్ని కిలోమీటర్లు పోతే నది వస్తుంది. గట్టు ఎక్కేచోట దారికి అడ్డంగా ఇనుపకర్ర ఉంది. పక్కన మనిషీ సైకిలూ పట్టేంత సందు. కారు పట్టదు. సైకిళ్ళు నడిపించుకుంటూ గట్టు పైకి ఎక్కి చూసేసరికి నాకు నోట మాట రాలేదు. మాది కోనసీమ. ఇది అచ్చం మా ఏటిగట్టే!

ఒకవైపు నిండుగా నది. మేలో ఆల్ప్స్ కొండల మంచు కరిగి వస్తుంది గనక ఎండాకాలమైనా నీరు పుష్కలం. రెండోవైపు, బాగా దిగువన, పెంకుటిళ్ళు, గోధుమచేలు, బేరిపళ్ళ తోటలు. ఇళ్ళ కప్పులకంటే గట్టే ఎత్తు. కొబ్బరిచెట్లు లేవన్నమాటే గాని, అదే ఒంపు, అదే గాలి, ఒడ్డున అవే కొంగలు. పదేళ్ళ వయసులో నాన్నగారి సైకిలు ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కుతూ నేను సైకిలు నేర్చుకున్నది అలాంటి గట్టు మీదే.

పో నది కుడిగట్టు మీద ఈ సైకిలుదారి స్తెల్లాతా అనే ఊరినుంచి సముద్రం దగ్గర గోరినోదాకా సుమారు 120 కిలోమీటర్లు ఉంది. మేం పోయింది పట్టుమని పాతిక కిలోమీటర్లు. వంతెనల మీది రొద వెనకబడ్డాక ఇక చప్పుడన్నది లేదు. చెయిను తిరిగే చప్పుడు వినిపించింది. టైరు కింద చిన్న గులకరాయి చిట్లితే వినిపించింది. నది పక్క వరసలుగా పెంచిన పాప్లర్ చెట్లనుంచి బూరుగుదూదిలాంటిది తేలివచ్చి మా జుట్టులో చిక్కుకుంది.

మొదటి కిలోమీటరు నేను వణుకుతూనే తొక్కాను. మా అమ్మాయి మాత్రం రివ్వున ముందుకు వెళ్ళిపోయింది. "జాగ్రత్తే! పక్కకు రా!" అని కేక వెయ్యబోయి నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఆగిపోయాను. దేన్నుంచి జాగ్రత్త? ఎవరికి దారివ్వడానికి పక్కకు? కనుచూపు మేర గట్టు ఖాళీగా ఉంది. పదకొండు నెలలుగా నా గుండెలో బిగుసుకున్నదేదో అక్కడ వదులైంది.

నీడ చూసుకుని ఆగినచోట ఒక పెద్దాయన కూచుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. పక్కన ఆయన సైకిలు. తమ్ముడి ద్వారా మాటలు కలిశాయి. "ఇంత మంచి దారి మీద కార్లను ఎందుకు రానివ్వరు?" అని అడిగాను.

"ఇది దారి కాదమ్మా, గట్టు. మీద మేం తిరుగుతున్నాం, అంతే" అని ఆయన అవతలి ఒడ్డు చూపించాడు. అక్కడి ఊరు పేరు ఒకియోబెల్లో. మాటకు మాట వేస్తే "అందమైన కన్ను". 1951 నవంబరు 14న అక్కడే అవతలి గట్టు తెగింది. పొలెసినే ప్రాంతమంతా నీటిపాలైంది. నూరుమందిదాకా చనిపోయారు. లక్షా ఎనభైవేలమంది ఇళ్ళు విడిచి పోయారు. ఆ ఏడు ఈయన ఏడేళ్ళ పిల్లవాడు. ఆవులు నీళ్ళలో అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉందన్నాడు. గట్టు విలువ తెలిసినవాళ్ళు గనక దానిమీద బరువు వెయ్యనివ్వరు. గోదావరి వరదలు ఎరిగినదాన్ని, నాకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇటలీలో అన్నిచోట్లా ఇలాగే ఉంటుందనుకోకండి. యూరోపులో మనిషికిన్ని కార్లని లెక్కవేస్తే ముందు వరసలో నిలిచే దేశాల్లో అదొకటి. 2011 ఇటలీ మహాపందెం విజేతగా పుస్తకాలకెక్కిన మికేలే స్కార్పొని, 2017 ఏప్రిల్ 22 ఉదయం తన ఇంటికి దగ్గర్లోనే సాధన చేస్తూ వ్యాను గుద్ది చనిపోయాడు. జీవితమంతా సైకిలు మీద గడిపిన వీరుడికే రోడ్డు మీద దిక్కు లేకపోయింది. అంచేత ప్రశాంతత ఆ దేశపు గాలిలో లేదు. ఎక్కడ ఎవరో పట్టుబట్టి కాపాడారో అక్కడే ఉంది.

తమ్ముడు చెప్పిన రెండు సంగతులు వినండి. టస్కనీ కొండల్లో తారు వెయ్యని తెల్లటి కంకరరోడ్లున్నాయి. వాటికీ తారు పోసేస్తారేమోనన్న బెంగతో 1997లో గాయోలే అనే ఊరినుంచి 92 మంది పాతకాలపు సైకిళ్ళెక్కి ఆ రోడ్ల మీద తిరిగారు. ఇప్పుడు ఏటా వేలమంది వస్తారు. ఆ రోడ్లే ఊళ్ళకు పేరు తెచ్చాయి. అలాగే స్పొలేతోనుంచి నోర్చాకు కొండలెక్కిపోయే 51 కిలోమీటర్ల రైలుమార్గం 1926లో మొదలై 1968లో మూతపడింది. పట్టాలు పోయినా బాటను పోనివ్వలేదు. సొరంగాలతో సహా అందులో కొంత భాగం నేడు సైకిలుబాట.

తిరుగుదారిలో వాడు మా అమ్మాయికి ఇంకో కథ చెప్పాడు. ఇదే రాష్ట్రంలో, ఇదే మైదానంలో, కాస్తెల్ఫ్రాంకో దగ్గర 1891లో ఒక పేద కూలివాళ్ళింట్లో అల్ఫోన్సీనా అనే పిల్ల పుట్టింది. తండ్రి తెచ్చిన పాత సైకిలు ఎక్కి దిగనంది. ఊరు నవ్వింది. పెళ్ళి చేస్తే మానుతుందనుకుంటే, కట్టుకున్నవాడు పెళ్ళికానుకగా సైకిలే ఇచ్చాడు! 1924లో మగవాళ్ళ మహాపందెంలో ఆమె ఒక్కతే ఆడది. దారిలో హ్యాండిలు విరిగితే చీపురుకర్ర కట్టుకుని తొక్కింది. ఆ రోజు ఆలస్యమైందని లెక్కలోంచి తీసేసినా, పందెంతోపాటే తొక్కుతూ మిలాను చేరింది. తొంభైమంది బయలుదేరితే పందెం పూర్తిచేసినవాళ్ళు ముప్ఫైమందే. భర్త ఇంటిపేరుతో ఆమె అల్ఫోన్సీనా స్త్రాదా. స్త్రాదా అంటే ఏమిటో ఇందాక చెప్పాను కదా!

"వాళ్ళమ్మ తాళం వెయ్యలేదా మావయ్యా?" అని అడిగింది మా అమ్మాయి, నా వైపు చూడకుండా.

నేను నవ్వి ఊరుకున్నాను. కాని ఆ మాట రైల్లోనూ విమానంలోనూ నన్ను వదల్లేదు. గట్టు ఎక్కేచోట చూసిన ఇనుపకర్ర కళ్ళముందు మెదులుతూ వచ్చింది. వాళ్ళు బరువైన బండికి అడ్డకర్ర వేసి, సైకిలుకు సందు వదిలారు. నేను బండిని పోనిచ్చి సైకిలుకు తాళం వేశాను. లారీకి చెప్పవలసిన మాట పిల్లకు చెప్పాను, అది ఎదురు చెప్పదని.

ఇంటికి రాగానే అన్నీ మారిపోయాయని చెప్పను. బడికి పోయే రోడ్డు మీద లారీలు అలాగే తిరుగుతున్నాయి. పిల్ల ఇంకా ఆటోలోనే పోతోంది. కాని మా వీధిలో నలుగురు తల్లులం కూచుని, బడి మొదలయ్యే గంటా విడిచే గంటా ఆ దారిన లారీలు రాకుండా ఆపమని అర్జీ రాశాం. నలభైమంది సంతకాలు చేశారు. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా తిరుగుతాం.

ఆదివారాలు మాత్రం తెల్లవారుజామునే లేచి ఏటిగట్టు మీదికి పోతున్నాం, పిల్లా నేనూ. అద్దె సైకిలు కాదు, నేనూ ఒకటి కొన్నాను. మావారి మోకాలినొప్పి ఇంకా తగ్గలేదు.

తాళంచెవి ఇప్పుడు బీరువాలో లేదు. గుమ్మం పక్కన మేకుకు వేలాడుతోంది.