గంజి పోయుట చికిత్స యగునా?

బొంబాయి కే.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచుండిన అరుణా శాన్‌బాగ్, 1973 నవంబరులో అచ్చటి పనివాడొకడు కుక్కలను కట్టు గొలుసుతో ఆమె కంఠమును బిగించి దాడి చేసినది మొదలు, 2015 మే 18వ తేదీన కన్నుమూయువరకు, ఆ ఆసుపత్రి మంచముననే యుండెను. చూపును మాటయు పోయినవి. తెలివి చాలవరకు నశించినది. బంధువుల రాకపోకలు క్రమముగా సన్నగిల్లినవి. మానని వారు నర్సులే. ఆమె ఆరోగ్యముగా నున్న దినములను ఎరుగని పడుచులు తరము వెంట తరముగా వచ్చి, అన్నమును మెత్తగా నలిపి నోటికందించి, ప్రక్కకు ఒత్తిగిల్లజేసి, ఒడలు తుడిచి, పడకపుండ్లు పడకుండ కాపాడిరి. ఆమెకు ఆహారము మాన్పింపవలెనన్న అర్జీని 2011 మార్చిలో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చినపుడు, ఆ నర్సులు మిఠాయి పంచుకొనిరి. వారే మతమువారన్న ప్రశ్న అనవసరము. కతోలిక శ్రీసభ ఈ విషయమున బోధించుచున్న దానిని వారు చేతలతో చూపిరి.

కొనయూపిరితో నున్నవానికి గొట్టములు తగిలించి కడవరకు హింసించుటయే కతోలికుల ధర్మమని మామీద నొక అపవాదు కలదు. అది నిజము కాదు. రోగికి మోయరాని భారమగు అసాధారణ సాధనములను విధిగా వాడనక్కరలేదని 1957లోనే పన్నెండవ పయస్ పోపు మత్తుమందు వైద్యులకు స్పష్టముగా చెప్పిరి. రెండవ జాన్ పాల్ పోపు 2005 ఏప్రిల్‌లో, అంత్యదశయందు మరల ఆసుపత్రికి పోక, తమ గదిలోనే ప్రాణములు విడిచిరి. అయితే ఆయనయే అంతకు ఏడాది ముందు, అన్నపానీయములు గొట్టము ద్వారా నిచ్చినను అవి వైద్యక్రియ కాక సహజపోషణమే యనియు, శరీరము వానిని గ్రహింపగలిగినంతకాలము మాన్పరాదనియు బోధించియుండిరి. వెంటిలేటరును తొలగించిన సందర్భమున రోగము చంపును. గంజి ఆపినచో ఆకలి చంపును, ఆ ఆకలి మనము కల్పించినదే. మా పట్టుదల యంతయు ఈ ఒక్క భేదముమీదనే.

2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గౌరవముతో మరణించుటను జీవనహక్కులో భాగముగా గుర్తించెను. భారమైన చికిత్సను వలదనుటవరకు ఆ తీర్పుతో నాకు పేచీ లేదు. తెలివి తప్పిన మనిషికి గౌరవమును తప్పిపోయినదన్న తలపు దాని చాటున లోకములో వ్యాపించుటయే నాకు భయము.

హైదరాబాదులోనే 2004లో, కండరములు క్షీణించు వ్యాధితో ఆసుపత్రిలో నున్న యొక చదరంగపు క్రీడాకారుడు, తన యవయవములు చెడకమునుపే ఇతరులకు దక్కవలెనని కోరగా, అతని తల్లి హైకోర్టు నాశ్రయించెను, కోర్టు సమ్మతింపలేదు. ఆ త్యాగబుద్ధికి నేను నమస్కరించుచున్నాను. ఐనను, ఒకరి మేలుకై మరియొకరి మరణమును ముందునకు జరుపు త్రోవ ఒకమారు తెరచినచో, రేపు ఆ కోరిక రోగి నోటనే వచ్చునన్న భరోసా యెక్కడిది? కెనడాలో 2016లో మరణము సమీపించినవారికని తెచ్చిన చట్టము, 2021 నాటికి మరణము దరిదాపుల లేనివారికిని వర్తించినది.

మన యిండ్లలో ముసలివారు “మీకు బరువైపోతిని” అనుట నిత్యము వినునదే. ఐ.సి.యు. బిల్లు కట్టుటకు పొలము తాకట్టుపెట్టిన కొడుకు ఎదుట తండ్రి ఆ మాట అన్నపుడు, దానిని స్వేచ్ఛయని చెప్పుటకు నాకు నోరు రాదు. నొప్పి మాటకు వచ్చినచో, 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము మార్ఫిన్‌ను సామాన్య రోగికి అందని ద్రాక్షగా జేసెను. 2014లో గాని దానిని సడలింపలేదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో బాధానివారణకై ప్రత్యేక విభాగము కలదు. కాని మారుమూల తాలూకాలో క్యాన్సరుతో మూలుగుచున్న కూలివానికి హైదరాబాదు కాశీయంత దూరము.

కావున పాఠకులను నేను కోరునది యింతే: మరణహక్కును గూర్చి ఓట్లడుగువాడెవడైనను మీ వాకిటికి వచ్చినచో, మన జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ ఉన్నదా, దానిని ఇచ్చుట నేర్చిన నర్సు ఉన్నదా అని ముందుగా అడుగుడు.