కొడుకు చెంగు పట్టుకున్న తల్లి

యీ నెల మన కబుర్లు కొంచెం దూరం పోతాయి, పాఠకులు విసుక్కోకూడదు. థాయిలాండు దేశంలో ఉత్తరాన చియాంగ్ మాయి అని ఒక నగరం వున్నది. చుట్టూ కొండలు, నడుమ పాతకోట, కోటచుట్టూ నీళ్ళ కందకం. పడమట దోయి సుతేప్ అనే కొండ, కొండమీద పెద్ద బౌద్ధక్షేత్రం, కొండపాదాన 1964లో నెలకొన్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం. అదే వూళ్ళో క్రైస్తవ సంఘంవారు 1974లో స్థాపించిన మరొక విద్యాలయం వున్నది, పేరు పాయప్. పేరు వింతగా వినబడుతుందిగాని అది మన "వాయవ్యం" అనే మాటే. నోరు తిరిగిన తీరు వేరు, అంతే. అక్కడ కూడా చదివే పిల్లలలో ఎక్కువమంది బౌద్ధులు. దేశం మొత్తంమీద క్రైస్తవులు రమారమి నూటికి ఒకరు.

యీ పిల్లల నడుమ పనిచేయడానికి అమెరికానుంచీ, కొరియానుంచీ, ఇంకా అనేక దేశాలనుంచీ మిషనరీలు వచ్చి కాపురం పెడతారు. వారి సంగతి గుమాస్తా పని చేసుకునే నాకెందుకంటారా? మా మాతామహులు చిన్నప్పుడు మిషను బడిలో చదివారు. అక్కడ నేర్చిన ఇంగ్లీషుతోనే యీ కన్నడదేశానికి ఉద్యోగానికి వచ్చారు, మేమందరం యిక్కడివాళ్ళమయ్యాం. సాయంత్రం బడినుంచి రాగానే వారి తల్లి బావి దగ్గరే నిలబెట్టి, రెండు చెంబులు పోసుకుంటేగాని గడప తొక్కనిచ్చేది కాదట. ఆయన మతం మారలేదు. కాని పాఠం చెప్పిన దొరగారి ఫోటో మాత్రం కడవరకూ వెంకటేశ్వరస్వామి పటం పక్కనే వుండేది. చిన్నతనంలో అది చూసి, దొరగారు కూడా ఒక దేవుడనుకునేవాణ్ణి. అందువల్ల ఎక్కడ మిషను, ఎక్కడ విద్యార్థి అన్నా నా చెవి అటే పోతుంది.

ముందు భాష సంగతి. థాయి భాషకు అయిదు స్వరాలు. అక్షరాలు అవే ఐనా గొంతు ఎత్తితే ఒక అర్థం, దించితే మరొకటి. "ఖావ్" అనే మాటను ఒక తీరున పలికితే అన్నం, ఇంకొక తీరున తెలుపు, మరొక తీరున వార్త. "క్లై" అంటే దగ్గర. స్వరం మారిందా, అదే దూరం! దేవుడు నీకు దగ్గరగా వున్నాడని చెప్పబోయి దూరంగా వున్నాడని చెప్పి వచ్చే ప్రమాదం మొదటి ఏడాది మిషనరీకి రోజూ వుంటుంది. పిల్లలు నవ్వరు. నవ్వినా నొప్పించకుండా నవ్వుతారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాషగా బ్రతికే మన సంఘంవాళ్ళకు యీ అవస్థ చెప్పనక్కరలేదు. బేరం ఆడటానికి ఆరు నెలల భాష చాలు. ఒకరి కష్టం వినడానికి చాలదు.

సాయంత్రం నాలుగు దాటాక తెల్లచొక్కా, నల్లలాగూ వేసిన అబ్బాయిలూ, తెల్లరవికె, నల్లపావడా కట్టిన అమ్మాయిలూ వస్తారు. అక్కడ విశ్వవిద్యాలయంలో కూడా యూనిఫారం వున్నది. వచ్చేది ఇంగ్లీషు మాట్లాడటం నేర్చుకోవడానికి. బల్లమీద పళ్ళు, చల్లని పానీయాలు. ఒక గంట సంభాషణ, తరువాత గిటారు, ఆ తరువాత ఎప్పుడో బైబిలు. యిక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పేస్తాను. ఆ వరుస తలుపుమీదనే వ్రాసి పెడితే తప్పేమీ లేదు. దాచిపెట్టి పిలిస్తేనే చిక్కు. మన సంఘంలో కూడా కాఫీ ఇచ్చి, కుశలప్రశ్నలన్నీ ఐన తరువాత రసీదు పుస్తకం బయటికి తీసే పెద్దలు వున్నారు గదా! ఆ కాఫీ రుచి ఎలా వుంటుందో మనకు తెలుసు.

పైగా ఆ పిల్లలకు "కాదు" అనడం రాదు. దీనికి వారి భాషలో "క్రెంగ్ జాయి" అని ఒక మాట వున్నది. ఇంగ్లీషువారు దానికి అర్థం చెప్పడానికి అరపేజీ వ్రాస్తారు, మనకు ఒక్కమాట చాలు: మొహమాటం. అందులోనూ ఎదుట వున్నది గురువు. మిషనరీని వారు "ఆజాన్" అని పిలుస్తారు, అది మన ఆచార్య శబ్దమే. అక్కడి బడుల్లో యేటా ఒక గురువారంనాడు గురుపూజ జరుగుతుంది. పిల్లలు గరిక, నూరువరహాల పూలు, వంగపూలు తెచ్చి గురువులకు మోకరిల్లి ఇస్తారు. గరికలాగా చదువు అల్లుకోవాలని, నూరువరహాల మొగ్గలాగా బుద్ధి సూదిమొనై వుండాలని, వంగపూవులాగా తల వంచుకుని వుండాలని దాని భావం. అట్లా పెరిగిన పిల్లవాడు ఆచార్యుడు అడిగితే తల వూపుతాడు. ప్రార్థనకు లేస్తావా అంటే లేస్తాడు. ఆ తలవూపులు లెక్కపెట్టి స్వదేశానికి ఉత్తరం వ్రాసిన మిషనరీ మరుసటి సంవత్సరం చాలా దిగులుపడవలసి వస్తుంది. కొన్నేళ్ళు వున్నవాడు తలవూపు లెక్క మానేస్తాడు. ఎవరు ప్రశ్న వేస్తారా, ఎవరు ఎదురు చెబుతారా అని కనిపెట్టుకుని వుంటాడు.

చదువు ద్వారా మతం చెప్పడం ఆ వూళ్ళో క్రొత్తది కాదు. డానియేల్ మెక్‌గిల్వరీ అనే అమెరికా మిషనరీ కుటుంబంతో బాంకాకు నుంచి మూడు నెలలు పడవమీద ప్రయాణంచేసి 1867లో చియాంగ్ మాయి చేరాడు. 1868 ఆగస్టు 18న సూర్యగ్రహణం వస్తుందని ఆయన వారం రోజుల ముందుగా నాన్ ఇంతా అనే బౌద్ధ పండితుడికి చెప్పాడు. నాన్ ఇంతా ఆ రోజు కనిపెట్టుకుని వున్నాడు; గ్రహణం చెప్పినట్టే పట్టింది. మేరుపర్వతం చుట్టూ సూర్యచంద్రులు తిరుగుతారని నమ్మిన ఆయన మనస్సు ఆనాడు కదిలిపోయింది. 1869 జనవరిలో ఆయనే అక్కడి మొదటి క్రైస్తవుడైనాడు. యిందులో మనకొక విశేషం. అదే గ్రహణపు నీడ ముందు మన గుంటూరు మీదుగా సాగింది. అక్కడ దుర్భిణి పెట్టుకుని చూసిన ఫ్రెంచివాడు జాన్సెన్ పేరు హీలియం చరిత్రలో నిలిచిపోయింది. ఐతే గ్రహణగణితం మిషనరీల సొత్తేమీ కాదు. సయాం రాజు మొంగ్‌కుట్ స్వయంగా లెక్కకట్టి, వా కో అనే చోటికి వెళ్ళి ఆ గ్రహణం చూశాడు. అక్కడ జ్వరం తగిలి అక్టోబరులో మరణించాడు.

తరువాతి కథ అంత వెలుతురుగా లేదు. 1869 సెప్టెంబరులో క్రొత్తగా క్రైస్తవులైన నోయి సున్యా, నాన్ చాయి అనే ఇద్దరిని చియాంగ్ మాయి ప్రభువు కావిలోరోట్ చంపించాడు. చాలాకాలానికి క్రైస్తవుల మొదటి పెళ్ళి దగ్గర, పితృదేవతలకు చెల్లవలసిన రుసుము చెల్లించాలని కుటుంబపెద్ద పట్టుబట్టడంతో తగవు బాంకాకు దాకా పోయి, 1878లో మతస్వేచ్ఛ ప్రకటన వెలువడింది. అప్పటినుంచీ మతం మారినవాడికి రాజుభయం లేదు. యీనాటి విద్యార్థికి వున్నది వేరే భయం.

అక్కడ ఇరవై యేళ్ళు నిండిన మగపిల్లవాడు పూర్తి సన్యాసదీక్ష పుచ్చుకోవచ్చు. వానాకాలం మూడు నెలలు గుండు చేయించుకుని, చీవరం కట్టి, ఆరామంలో వుండి, మళ్ళీ ఇంటికి రావడం ఆచారం. యీ రోజుల్లో చాలామంది సెలవు దొరికినన్ని రోజులతో సరిపెట్టుకుంటున్నారు. ఆ పుణ్యం కొడుకుదే కాదు, తల్లిది కూడా. కొడుకు పసుపుచీవరపు చెంగు పట్టుకుని తల్లి స్వర్గానికి పోతుందని వారి నమ్మిక. మనదగ్గర బిడ్డ తల్లి కొంగు పట్టుకుని తిరుగుతాడు, అక్కడ చివరికి తల్లే కొడుకు చెంగు పట్టుకోవాలి. ఆడది తాను భిక్షుదీక్ష పొందే వీలు అక్కడి సంఘంలో లేదు, కాబట్టి ఆ తల్లికి వున్న దారి కొడుకే.

యిప్పుడు లెక్క చూడండి. ఇరవయ్యో యేడంటే కాలేజీలో రెండో సంవత్సరమో మూడోదో. మిషనరీ ఇంటికి రావడం మొదలుపెట్టి, బైబిలు నిజంగా చదివి, బాప్తిస్మం పుచ్చుకుందామా అని పిల్లవాడు ఆలోచించేదీ అప్పుడే; పల్లెలో తల్లి దీక్షకు డబ్బు కూడబెట్టుకునేదీ అప్పుడే. దేవుడి కృపను అక్కడి క్రైస్తవులు "ప్ర ఖున్" అంటారు, మన "గుణ" శబ్దంనుంచి వచ్చింది. కాని ఆ మాట ఆ పిల్లవాడు పసితనంనుంచీ విన్నది తల్లి విషయంలో. తొమ్మిది నెలలు మోసి పాలిచ్చిన ఋణానికి అదే పేరు. దేవుడి ప్ర ఖున్ ఉచితంగా వచ్చింది, తీర్చనక్కరలేదని మిషనరీ చెబుతాడు. తల్లి ప్ర ఖున్ తీర్చి తీరాలని వూరంతా చెబుతుంది. మాట ఒకటే! యే నిఘంటువు యీ ముడి విప్పగలదు?

యీ ముడి ఎరిగిన మిషనరీలలో కోసుకే కోయామా ఒకరు. జపానువాడు; 1960 నుంచి 1968 వరకూ చియాంగ్ మాయి వేదాంత కళాశాలలో పాఠాలు చెప్పాడు. పల్లె చర్చికి పోయే దారిలో బురదమళ్ళలో మేసే గేదెలను చూసి, వీటితో రోజంతా గడిపే మనిషికి అర్థమయ్యేట్టు మాట్లాడాలి గదా అనుకుని, పెద్దపెద్ద సిద్ధాంతాలు పక్కనబెట్టి జిగురన్నం, అరటిపండు, కుక్క, పిల్లి వీటితో మొదలుపెట్టాడట. 1974లో వచ్చిన ఆయన పుస్తకం పేరుకు మన భాషలో దున్నపోతు వేదాంతం అని అర్థం చెప్పుకోవచ్చు. మనం దున్నపోతు అంటే తిట్టు అనుకుంటాం. అక్కడ అది ఇంటికి అన్నం పెట్టే జీవం.

అటువంటివారు పిల్లవాణ్ణి తొందరపెట్టరు. ముందు ఇంటికి పోయి అమ్మతో నువ్వే చెప్పు, వేరేవాళ్ళ నోట ఆమె వినకూడదు అంటారు. కొందరు చెప్పి వస్తారు. కొందరు చెప్పలేక, నాలుగేళ్ళూ పాటలు పాడి, ఇంగ్లీషు నేర్చుకుని, పట్టా పుచ్చుకుని బాంకాకు ఉద్యోగానికి పోతారు. ఫిబ్రవరి దాటాక పొలాలూ అడవులూ తగలబెట్టిన పొగ వూరిని కమ్ముకుని దోయి సుతేప్ కొండే కనబడదు; ఆ పొగలో మిషనరీ ఖాళీ కుర్చీలు సర్దుకుంటూ వుంటాడు. క్రొత్త విద్యార్థులతో మళ్ళీ "ఖావ్" దగ్గరనుంచి మొదలు.

ఏప్రిల్ నడుమ సొంగ్‌క్రాన్ పండుగ. మన సంక్రాంతి మాటే. పిల్లలందరూ ఇళ్ళకు చేరి పరిమళజలం పెద్దల చేతులమీద పోసి దీవెన పుచ్చుకుంటారు. క్రైస్తవులైనవారూ పోస్తారు, దానికి ఎవరి అభ్యంతరమూ లేదు. బాప్తిస్మం సంగతి ఇంకా చెప్పని కొడుకు కూడా చిన్నగిన్నె పట్టుకుని తల్లి ముందు మోకాళ్ళమీద కూర్చుంటాడు. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నంతసేపూ ఆమె దీవిస్తూనే వుంటుంది. చీవరం మాట ఆ పూట ఎత్తదు. వానాకాలపు దీక్షలకు ఇంకా మూడు నెలలు గడువున్నది.