టాపు లేని సరదా

"అన్నా, మా బాపు అంబాసిడర్ టాపు కోసి హాట్ రాడ్ చేస్తున్న!" అన్నాడు మా సిద్దిపేట కుర్రాడొకడు. 1973 నాటి 'అమెరికన్ గ్రాఫిటీ'లో పసుపు ఫోర్డును చూసిన మహత్యం!

సరదా మంచిదే తమ్ముళ్లూ! కానీ ఆ 1932 మోడల్ ఫోర్డుకి అడుగున చాసిస్ వేరు, పైన బాడీ వేరు. అమెరికా కుర్రకారు మడ్‌గార్డులు పీకినా, టాపు నరికినా బండి నిలిచింది. అంబాసిడర్‌కి బాడీయే ఎముకల గూడు. టాపు కోస్తే నడుం జారుతుంది, తలుపులు పట్టవు. అలాంటి బండితో రాజీవ్ రహదారి ఎక్కుతారా? పైగా కంపెనీ ఇచ్చిన రూపు మార్చొద్దని 1988 మోటారు వాహనాల చట్టం, 52వ సెక్షను!

అంతగా మనసైతే కాన్వాసు టాపు పాత జీపు చూసుకోండి. టాపు విప్పితే అదే మన రోడ్‌స్టర్. ఇంజను సంగతి తర్వాత, ముందు బ్రేకులు!

అన్నట్టు, అదే సినిమా చివరి పందెంలో బోల్తాపడి తగలబడిన నల్ల షెవర్లే గుర్తుందా? అందులో ఉన్నది హారిసన్ ఫోర్డ్!