తెర మీద ‘మీనా’కు సగం న్యాయమే

యద్దనపూడి సులోచనారాణి నవలల్లో కాలేజీ వయసు ఆడపిల్లలు అట్టలు ఊడేదాకా చదివినవాటిలో ‘మీనా’ ఒకటి. ఈ కథ రెండుసార్లు వెండితెరకెక్కింది. 1973లో విజయనిర్మల తెలుగులో తొలిసారి దర్శకత్వం వహించి, తానే మీనాగా కృష్ణ సరసన నటించారు. 2016లో త్రివిక్రమ్ ‘అ ఆ’ పేరిట మళ్ళీ తీశారు. అందులో నాయిక తండ్రిగా వేసిన నరేష్ విజయనిర్మల కుమారుడే కావడం విశేషం.

తల్లి గీసిన గీత దాటని పట్నం పిల్ల మేనత్త ఊరు వచ్చి, బావ కష్టం చూసి, తనకూ ఒక ఇష్టమంటూ ఉందని తెలుసుకోవడమే కథ. నవలలో ఈ మార్పు నిదానంగా వస్తుంది. మీనా లోలోపల పడే గుంజాటన చదివే పిల్ల తనదే అనుకుంటుంది. ‘అ ఆ’లో సమంత నటన ముచ్చటగానే ఉంది, సంభాషణలకు హాలు నవ్వింది. కానీ ఆ మాటల విసుర్లలోనే గుంజాటన కొట్టుకుపోయింది. రెండున్నర గంటల్లో నవలంతా ఇమడదనడం నిజమే. అయినా అమ్మ ఎదుట నోరు విప్పడానికి పిల్లకు పట్టే కాలాన్ని కత్తిరిస్తే మిగిలేది బావామరదళ్ళ సరసమే.

మింగుడుపడనిది మరొకటుంది. విడుదలనాడు ‘అ ఆ’ టైటిళ్ళలో రచయిత్రి పేరు లేదు. విమర్శలు వచ్చాకనే చేర్చారు. కృష్ణా జిల్లా కాజలో పుట్టిన ఆమె అప్పటికి జీవించే ఉన్నారు, 2018లో కన్నుమూశారు. నవల చదివిన ఆడవారు మాత్రం టైటిళ్ళతో పని లేకుండానే ఇది మీనా కథేనని పోల్చుకున్నారు.